పచ్చి సపోటాలు

ఆసుపత్రి,
రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం

ఒరే మూగోడా,

క్షేమంగా చేరాం. క్షేమంగా ఉన్నవాడు ఆసుపత్రికెందుకు చేరతాడని అడగకు. ఉత్తరం అలాగే మొదలుపెట్టాలని చిన్నప్పుడు బళ్ళో నేర్పారు.

బస్సులో మీ అక్క దారి పొడుగునా నా మెడకి కండువా చుడుతూనే ఉంది. చెమటలు పట్టి చచ్చాను. పెద్ద డాక్టరు లైటు వేసి గొంతులోకి చూశాడు. గడ్డ పెరిగిందట. కోసి తీసేస్తారట. ఆ తరవాత తిండి మామూలుగా మింగుడుపడుతుందనీ, ఎండలు ముదిరేలోపు ఇంట్లో ఉంటాననీ చెప్పాడు. "గొంతు ఇంతలా ఎలా పాడుచేసుకున్నారండీ?" అని నర్సమ్మ అడిగింది. "వీధి ఈ చివర అరిస్తే ఆ చివర మూడో అంతస్తు వాళ్ళు బుట్ట దించాలి తల్లీ, అదీ పండ్లమ్ముకునేవాడి బతుకు" అన్నాను. ఏదీ ఒకసారి అరవండి అంది. అరిచాను. పిల్లి మూలిగినట్టు వచ్చింది. వార్డంతా నవ్వారు. నేనూ నవ్వాను. మీ అక్క మాత్రం గోడవైపు తిరిగింది.

అసలు సంగతికి వస్తాను. గురువారం చిన్నపిల్లల బడి ఉంది. వారానికో పండు తీసుకొచ్చి దాని సంగతులు చెప్తానని పంతులమ్మకి మాటిచ్చాను. ఆ పిడుగులు నా కోసం గుమ్మంలో నిలబడి ఉంటారు. పండ్ల తాత రాలేదని ఒక్కళ్ళు ఏడ్చినా ఆ పాపం నాకొద్దు. నేనొచ్చేదాకా నువ్వు వెళ్ళు.

నీకు నోరు లేదని నాకు తెలుసు. తోటమాలివి, చెట్ల మధ్య బతికావు, చెట్లు ప్రశ్నలడగవు. నీ తోటలో కాసింది నేను బండిమీద పెట్టుకుని అరిచి అమ్మాను. చెట్టు నీది, నోరు నాది. ఇన్నేళ్ళూ అలాగే గడిచింది. ఇప్పుడు కొన్నాళ్ళు రెండూ నువ్వే. వాళ్ళు ఆరేడేళ్ళ పిల్లలురా, పులులు కారు. పండు చేతికియ్యి. వాసన చూడమను. దేనికి పనికొస్తుందో చేసి చూపించు. నోటితో చెప్పలేనిది చేత్తో చెప్పు.

ఏం జరిగిందో రాయి. రెండు ముక్కల్లో తేల్చెయ్యకు.

నీ బావ


తోట దగ్గర గది

బావకి,

వెళ్ళాను.

గుమ్మంలో చెప్పులు విప్పాను. "ఈయన పండ్ల తాతగారి బావమరిది" అంది పంతులమ్మ. "అయితే ఈయన్ని ఏమని పిలవాలి?" అని ముందు పళ్ళూడిన పిల్ల అడిగింది.

నిమ్మకాయ తీసుకెళ్ళాను. పైకెత్తి చూపించి నిమ్మకాయ అన్నాను. ఆ తరవాత నోరు పెగల్లేదు. చెయ్యి దించడం కూడా మర్చిపోయాను. పిల్లలు కాసేపు నిమ్మకాయనీ కాసేపు నన్నూ చూశారు. "ఈ తాత బొమ్మా?" అని ఒకడు పక్కవాణ్ణి అడిగాడు. తల కొట్టేసినట్టయింది.

అప్పుడు బడిగంట కనపడింది. ఇత్తడిది. నల్లగా మసి పట్టినట్టుంది. నిమ్మచెక్క కోసి, పంతులమ్మ దగ్గర ఉప్పు అడిగి, అద్ది, ఒక పక్క రుద్దాను. అంతమేర బంగారంలా వచ్చింది. ఇంక పిల్లలు నా చేతిలో చెక్క నిలవనివ్వలేదు. తలో చెక్కా ఇచ్చాను. గంటంతా తోమారు. మధ్యమధ్య చెక్క నాకి మొహాలు ముడుచుకున్నారు. "గంట కూడా పులుపు తింటుందా?" అని ముందు పళ్ళూడిన పిల్ల అడిగింది. "గంట తినదు. పులుపే మురికిని తింటుంది" అన్నాను. నాకది పెద్ద ఉపన్యాసమే.

వచ్చే వారం కూడా రమ్మంది పంతులమ్మ. జాలిపడి అందేమో.

బస్సు డ్రైవరు చేత జామపండ్లు పంపుతున్నాను. మెత్తనివే ఏరాను. గింజ గొంతులో అడ్డం పడుతుందేమో. అక్క చేత గుజ్జు తీయించుకో.

ఆపరేషను ఎప్పుడు? నాకు భయంగా ఉంది.

ఉంటాను.


ఆసుపత్రి

ఒరే గంటలు తోమేవాడా,

నీ ఉత్తరానికి నవ్వితే కుట్లు లాగాయి. పాపం ఆ పిల్లాడి తప్పేముంది, నిన్ను చూస్తే ఎవరికైనా ఆ అనుమానమే వస్తుంది. నీ పెళ్ళిచూపుల్లో వాళ్ళూ అదే అడిగారు, నేనే సర్దిచెప్పాను.

ఆపరేషను అయిపోయింది. గడ్డ తీసేశారు. కొన్నాళ్ళు మాట్లాడొద్దన్నారు. నేను మాట్లాడకపోవడం! మీ అక్క ఈ అవకాశం కోసం పెళ్ళినాటి నుంచీ కాచుక్కూచుంది. రోజంతా తనే మాట్లాడుతోంది, నేను తలూపుతున్నాను. నా సంసారం ఇంత సవ్యంగా ఎన్నడూ లేదు.

జామపండ్లు అందాయి. మీ అక్క గుజ్జు తీసి చెంచాతో పెట్టింది. చల్లగా దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. నీ తోట దక్షిణం వైపు చెట్టువి కదూ? నాలిక మీద పెట్టగానే పోల్చుకున్నాను. పక్క మంచం ఆయన ఆబగా చూస్తుంటే ఆయనకీ రెండిచ్చాను.

ఈసారి దానిమ్మ తీసుకెళ్ళు. గింజలు తినేశాక తొక్క పారెయ్యనివ్వకు. నీళ్ళలో ఉడికించి తెల్లగుడ్డ ముంచితే పసుపు రంగు పడుతుంది. పిల్లలు కెవ్వుమంటారు చూడు. సపోటాలు తయారయ్యాక పచ్చిదానికీ పండినదానికీ తేడా నేర్పు. రెండూ పైకి ఒకేలా ఉంటాయి, చేత్తో పట్టుకుంటేగానీ తెలియదు. నేనైతే బుట్టలోకి చూడకుండానే బొటనవేలు ఆనించి చెప్పేసేవాణ్ణి. నా పక్కన నిలబడి చాలాసార్లు చూశావుగా.

భయమెందుకురా? గట్టిపిండాన్ని.

బావ


తోట దగ్గర గది

బావకి,

నువ్వు కోలుకుంటున్నావని చదివి గుండె కుదుటపడింది. ఉత్తరం రెండుసార్లు చదివాను.

దానిమ్మ రంగు బాగా పడింది. చేతిరుమాళ్ళు ముంచారు. ఒకడు చొక్కా విప్పి ముంచేశాడు. ఇంటికెళ్ళి దెబ్బలు తిన్నాడట. మర్నాడు వాళ్ళమ్మ బడికొచ్చి పంతులమ్మ మీద కేకలేసి, పోతూపోతూ తన కొంగు మీద మరక పోవట్లేదు, దానికి కూడా ఈ రంగు వెయ్యొచ్చా అని అడిగిందట.

ఇప్పుడు నన్ను గంట తాత అంటున్నారు. పేరు పెట్టి ఎవరన్నా పిలిస్తే బాగానే ఉంటుంది బావా. వీధిలో కనపడితే చెయ్యి పట్టుకుంటున్నారు. నిన్న చింపిరిజుట్టు పిల్లాడొకడు బజారంతా నా వేలు వదల్లేదు. నాకు మాట్లాడాల్సిన పని రాలేదు. వాడే మాట్లాడాడు.

అందరూ ఒకటే అడుగుతున్నారు. పండ్ల తాత ఎప్పుడొస్తాడని. ఎండలు ముదిరేలోపు అని చెప్తున్నాను.

సపోటాలు కోశాను. రెండు బుట్టలు సర్దాను. పండినవి నీకు. పచ్చివి బడికి. పచ్చికాయ ఎంత గట్టిగా ఉంటుందో పిల్లలకి చూపించి, వాళ్ళ చేతే గడ్డిలో మాగబెట్టించి, పై వారం తీయించాలని. నీ బుట్ట రేపు పొద్దున్నే డ్రైవరుకిస్తాను.

ఇంకా మాట్లాడనివ్వడం లేదా?

ఉంటాను.


ఆసుపత్రి

ఒరే,

సపోటాలా అవి, తేనెలో ముంచి పంపావా? నోట్లో పెట్టుకోగానే కరిగిపోయాయి. నమలాల్సిన పనే లేదు. గింజ కూడా చప్పరించాను. మీ అక్క చాలు చాలని బుట్ట లాక్కుంటే చిన్నపిల్లాడిలా అలిగాను. డాక్టరొచ్చి ఈ వయసులో ఈ మింగుడు చూడలేదన్నాడు.

గంట తాతవా? నేను ఇలా పక్క తిరిగానో లేదో నా ఉద్యోగానికి ఎసరు పెట్టావన్నమాట. వస్తున్నా. వచ్చి నీ సంగతి చూస్తా. పిల్లలకి చెప్పు, తాత గొంతు కొత్తగా చేయించుకుని వస్తున్నాడు, ఈసారి కేక వేస్తే బడి పెంకులు లేస్తాయని.

మళ్ళీ ఎప్పుడు పంపుతావు?

బావ


తోట దగ్గర గది

బావా,

సపోటాల సంగతి.

గురువారం బళ్ళో బుట్ట విప్పాను. ఇది పచ్చికాయ, రాయిలా ఉంటుంది, పట్టుకుని చూడు అని ముందు పళ్ళూడిన పిల్ల చేతికిచ్చాను. దాని వేళ్ళు లోపలికి దిగిపోయాయి. రసం గౌను మీద కారింది. ఇంకోటి తీశాను. అదీ అంతే. బుట్టలు మారిపోయాయి. పండినవి బడికొచ్చాయి. పచ్చివి నీకొచ్చాయి.

సిగ్గుతో చచ్చాను. నీ తిట్ల కోసం ఎదురుచూశాను. తోటమాలిగా ముసలివాడివయ్యావు, పచ్చికీ పండుకీ తేడా తెలియదా అని రాస్తావనుకున్నాను. ఆ ఉత్తరం పిల్లలకి చదివి వినిపిద్దామనుకున్నాను.

నువ్వు తేనె అని రాశావు.

పచ్చి సపోటా కొరికితే పాలు పెదాలకి అంటుకుంటాయి. నోరు పట్టేస్తుంది. సగం రోజు వదలదు. అయినా నువ్వు కొరకక్కర్లేదు. వేలు ఆనించినా నీకు తెలుస్తుంది.

నువ్వు బుట్టలో చెయ్యే పెట్టలేదు.

ఏమైంది బావా?


ఆసుపత్రి

ఒరే,

దొరికిపోయాను.

గడ్డతోపాటు గొంతు కూడా తీసేశారు. మాట రాదు. కొన్నాళ్ళు కాదు, ఇంక ఎప్పటికీ రాదు. మెడ ముందు రంధ్రం పెట్టారు. ఊపిరి అందులోంచే. తిండి కడుపులోకి పెట్టిన గొట్టంలోంచి. మీ అక్క తెల్లటి నీళ్ళేవో గరాటుతో పోస్తుంది. కడుపు నిండుతుంది. తిన్నట్టుండదు.

ముక్కులోంచి గాలి ఆడదు కాబట్టి వాసన కూడా పోయింది. అది నాకు ముందు ఎవరూ చెప్పలేదు. నీ జామపండ్లు వచ్చిన రోజు మీ అక్క బుట్ట మూత తీసింది. పక్క మంచం ఆయన, ఎప్పుడూ కళ్ళు తెరవనివాడు, లేచి కూర్చున్నాడు. అబ్బ, ఏం వాసనండీ అన్నాడు. నాకేమీ లేదు. ఒక పండు ముక్కుకి ఆనించి పట్టుకున్నాను. జామపండు ఆకారంలో ఏదో ఉంది చేతిలో, అంతే. అదే నేను చేత్తో పట్టుకున్న చివరి పండు. ఆ తరవాత మూత విప్పొద్దన్నాను. నీ సపోటాలు వచ్చినవి వచ్చినట్టే నర్సమ్మకిచ్చేశాం. పచ్చివని ఆవిడా చెప్పలేదు. మర్యాదస్తురాలు.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు ఆ బళ్ళో నోరు విప్పుతున్నావు. నేను రానని తెలిస్తే మానేస్తావు. ఇంకో సంగతి కూడా ఉంది. నేను బాగుపడుతున్నానని నమ్మేవాడు ఒక్కడన్నా ఉండాలనిపించింది. ఇక్కడ డాక్టరు నమ్మలేదు, మీ అక్క నమ్మలేదు. నీ ఉత్తరాల్లోనే నేను ఇంకా ఎండాకాలానికి ఇంటికొచ్చేవాణ్ణి. పడుకుని అవి చదువుకుంటుంటే నిజమేననిపించేది.

వాపు తగ్గాక మింగుడు వస్తుందన్నారు. దాని మీదే ఆశపెట్టుకున్నాను. మాట పోతే పోయింది, ఒక్క పండు తినగలిగితే చాలనుకున్నాను. నిన్న మళ్ళీ పరీక్ష చేశారు. కింద కూడా గడ్డ ఉందట. ఇంక కోసేందుకు ఏమీ లేదట. మింగుడూ రాదట.

ఇన్నేళ్ళు నిన్ను మూగోడా అని పిలిచాను. ఏమనుకోకు.

బావ


తోట దగ్గర గది

బావా,

నీ ఉత్తరం కాలవగట్టు మీద కూర్చుని చదివాను. చదివాక లేచి ఎటు వెళ్ళాలో తెలియలేదు.

నీ దగ్గరికి వద్దామని బస్సు దగ్గరికి వెళ్ళాను. డ్రైవరు నా కోసం కాసేపు ఆపాడు కూడా. ఎక్కలేకపోయాను. వచ్చి ఏం చెయ్యను? నువ్వు మాట్లాడుతుంటే పక్కన కూర్చోవడం ఒక్కటే నాకు తెలుసు.

గురువారం బడికి వెళ్ళాను. అరటిపండు తొక్కతో చెప్పులకి మెరుగు పెట్టడం చూపించాను. పండు తలో ముక్కా పంచాను. ముందు పళ్ళూడిన పిల్ల తన ముక్కలో సగం తుంచి "నువ్వూ తిను గంట తాతా" అని నా నోటి దగ్గర పెట్టింది. నోరు తెరవలేకపోయాను. అది చెయ్యి చాచి అలాగే నిలబడింది. "తాతకి మనమీద కోపమొచ్చింది" అని ఏడుపందుకుంది. దాన్ని చూసి మిగతావాళ్ళూ. ఏమైందండీ అంది పంతులమ్మ. బుట్ట అక్కడే వదిలేసి వచ్చేశాను.

మళ్ళీ వెళ్ళలేదు. బడిగంట తోటలోకి వినపడుతుంది. ఆ వేళకి నీళ్ళ మోటారు వేసి దాని పక్కన నిలబడుతున్నాను.

చెట్ల కింద రాలినవి ఏరడం లేదు. చీమలు పట్టాయి. ఎవరి కోసం ఏరాలి? పండు దేనికి పనికొస్తుందో పిల్లలకి చెప్పడానికి వెళ్ళినవాణ్ణి. నాకే తెలియకుండా పోయింది.

ఇంటికి రా బావా. ఎలా ఉన్నా సరే రా.


ఆసుపత్రి

ఒరే,

పడుకుని రాస్తున్నాను. అక్షరాలు కుదరడం లేదు.

ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ మాట డాక్టరు మీ అక్కని వరండాలోకి పిలిచి చెప్పాడు. గొంతు పోయినవాడికి చెవులు కూడా పోతాయనుకున్నాడో ఏమో.

బడి మానేశావా? అబద్ధమాడింది నేను. పిల్లలకా శిక్ష? నిన్ను తిట్టాలని ఉంది, చెయ్యి లాగుతోంది. వెళ్ళు. వెళ్ళి కోపం లేదని చెప్పు.

నేను వచ్చేటప్పుడు బడి వదిలే వేళ కాకుండా చూడు. ఈ మెడతో వాళ్ళు నన్ను చూడకూడదు. పండ్ల తాతంటే వాళ్ళకి ఓ పెద్ద గొంతు. అదే ఉండనీ. తాత ఎక్కడో దూరం వీధుల్లో అమ్ముకుంటున్నాడని చెప్పు.

నా మంచం వీధి వైపు వెయ్యొద్దు. బండ్లవాళ్ళ కేకలు వినపడతాయి.

బావ


మీ ఇంట్లో, వెనక గది

బావా,

నీ ఎదురుగా కూర్చుని నీకే ఉత్తరం రాస్తున్నానని నవ్వకు. నీకు మాట రాదు. నాకు చేతకాదు. ఇదే నయం. చదివి, కిందనే రాసియ్యి.

బడికి వెళ్ళాను. చెప్పమన్నట్టే చెప్పాను. తాత దూరం వీధుల్లో అమ్ముతున్నాడని. "అక్కడి పిల్లలకి కూడా నేర్పుతున్నాడా?" అని ముందు పళ్ళూడిన పిల్ల అడిగింది. అవునన్నాను. "అయితే ఇంక మా దగ్గరికి రాడు" అంది. అందరూ నమ్మారు. ఆ అబద్ధం ఒక్కటీ తడబడకుండా వచ్చింది నాకు.


ఇక్కడే, మంచం మీద

మంచి పని చేశావు.

నువ్వు పండు ముట్టడం మానేశావని మీ అక్క చెప్పింది. ఎవడి కోసంరా? నువ్వూ తినకపోతే నాకు రెండు రెట్లు పోయినట్టుంది. అటకమీద బొప్పాయి ఉందట, చెట్టున పండింది, నాకు కనపడకుండా దాచింది. తెచ్చుకో. నా ముందు కూర్చుని తిను. తిని, ఎలా ఉందో చెప్పు. నోటితో. రాయొద్దు.


ముక్కాలిపీట మీద

చేతకాదు బావా.


మంచం మీద

ఇన్నేళ్ళు నీ చెట్ల పండ్లు నేను తిని, బాగుందో లేదో నీకు చెప్పాను. నన్నెప్పుడన్నా నువ్వు బతిమాలావా? నేను బతిమాలుతున్నాను.


ముక్కాలిపీట మీద

తిన్నాను. నువ్వు చూశావు. రసం మణికట్టు దాకా కారింది. తియ్యగా ఉందని చెప్పడానికి నోరు తెరిచాను. గాలి వచ్చింది. మాట రాలేదు. క్షమించు.

ఒకటి చూశాను బావా. నేను మింగినప్పుడల్లా నీ మెడ కదిలింది. పైకీ కిందకీ. ఒకసారి కాదు, ప్రతిసారీ. మింగుడు వస్తోందేమో. అక్కని పిలవనా? డాక్టరుకి కబురు చెయ్యనా?


మంచం మీద

పిలవకు.

అది మింగడం కాదురా, ఏడుపు. గొంతు లేనివాడికి అలాగే వస్తుంది, చప్పుడు లేకుండా.

ఇంకో ముక్క కోసుకో.